జవాబుకి చోటివ్వని ఒప్పుకోలు

గంజాం జిల్లా పురుషోత్తంపూర్ దగ్గర, రుషికుల్య ఒడ్డున, జౌగడ అనే చోట అశోకుడి శాసనాలు చెక్కిన బండ ఉంది. కళింగ యుద్ధం తర్వాత అశోకుడి మనసు మారిందని మనమంతా చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నదే. ఆ మాట ఆయన స్వయంగా చెప్పుకున్నది పదమూడో శిలాశాసనంలో. పట్టాభిషేకమైన ఎనిమిదేళ్ళకి కళింగాన్ని జయించాననీ, లక్షా యాభై వేల మందిని అక్కడినుంచి తరలించుకుపోయారనీ, లక్షమంది యుద్ధంలో చచ్చారనీ, అంతకి ఎన్నో రెట్లు తర్వాత పోయారనీ, అదంతా తలుచుకుంటే తనకి బాధగా ఉందనీ అందులో ఉంటుంది. ఒక రాజు తన గెలుపుని తన తప్పుగా రాతి మీద చెక్కించుకోవడం చరిత్రలో ఎక్కడోగానీ కనపడదు. ఆ విషయంలో ఆయనంటే నాకు గౌరవం.

అయితే ఆ పదమూడో శాసనం జౌగడలో లేదు. భువనేశ్వర్ దగ్గరి ధవళిలోనూ లేదు. ఇప్పటి పాకిస్తాన్‌లోని షాబాజ్‌గఢీలో ఉంది, ఉత్తరాఖండ్‌లోని కాల్సీలో ఉంది, కర్నూలు జిల్లా ఎర్రగుడిలో ఉంది. ఒక్క కళింగంలో మాత్రం పదకొండు, పన్నెండు, పదమూడు శాసనాలు వదిలేసి వాటి స్థానంలో వేరే రెండు శాసనాలు చెక్కించారు. జౌగడలో ఉన్నవి సమాప అనే ఊరి అధికారులని ఉద్దేశించినవి. మనుషులందరూ నా బిడ్డలే అన్న ప్రసిద్ధమైన మాట వాటిలోనిదే. తిష్య (పుష్యమి) నక్షత్రం ఉన్న రోజుల్లో దాన్ని జనం వినాలి, ఒక్కడే ఉన్నా వినాలి అని కూడా రాయించాడు.

అంటే ఈ నేల మీద తండ్రినో కొడుకునో పోగొట్టుకున్నవాళ్ళు తిష్య నక్షత్రం నాడు వచ్చి నిలబడి, మీరు నా బిడ్డలు అన్న మాట విన్నారు. మీవాళ్ళని చంపించింది నేనే, నాకు బాధగా ఉంది అన్న మాట వినలేదు. అది వినే భాగ్యం ఎక్కడో గాంధారం వాళ్ళకి దక్కింది. పుండు పచ్చిగా ఉన్నచోట కెలకడం ఎందుకు అనుకుని ఉంటాడని కొందరు చరిత్రకారులు అంటారు, పాలన సాగాలి కదా అంటారు. కావచ్చు. నాకు తోచేది ఇంకొకటి. జౌగడలో ఆ మాట చెప్తే ఎవరో ఒకరు లేచి జవాబు చెప్పే వీలుంది. షాబాజ్‌గఢీలో లేదు. పైగా అదే పదమూడో శాసనంలో అడవిలో ఉండేవాళ్ళకి ఒక హెచ్చరిక ఉంది: నాకు పశ్చాత్తాపం ఉన్నా శిక్షించే బలం కూడా ఉంది, జాగ్రత్త అని. తప్పు ఒప్పుకుంటున్న మనిషి ఒక చేత్తో కర్ర పట్టుకునే ఒప్పుకున్నాడు.

ఇంత పాత సంగతి ఎందుకు ఎత్తుకున్నానంటే, ఇరవై మూడు శతాబ్దాలు గడిచినా మా జిల్లాల్లో నేను రోజూ చూసే ఒప్పుకోళ్ళు ఈ పద్ధతిలోనే జరుగుతున్నాయి. నేను పర్లాకిమిడిలో లాయర్ని. ఇంట్లో తెలుగు, కోర్టులో ఒడియా, వచ్చే కక్షిదారుల్లో సగంమంది సవరలు, అంటే ఇక్కడి కొండజాతివాళ్ళు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు ఈ ఊరు ఇటు వచ్చింది, పక్కనున్న పాతపట్నం అటు ఉండిపోయింది. మనుషులు మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు, పెళ్ళి సంబంధాలూ తగాదాలూ రెండు వైపులా ఉన్నాయి. గుళ్ళూ చర్చిలూ కొండదేవతలూ పక్కపక్కనే ఉన్న చోటు ఇది. తప్పు చెప్పుకోవడానికి ఇక్కడ ఎన్ని దారులున్నాయో చెప్పలేను. నా వాదన ఒక్కటే: తప్పు ఎవరి పట్ల జరిగిందో వాళ్ళు తిరిగి మాట్లాడే వీలు లేకపోతే ఆ ఒప్పుకోలు సగమే. ఆ సగంతో చాలాసార్లు రెండో అన్యాయం మొదలవుతుంది.

ముందు మన నోటి అలవాటు చూడండి. పెళ్ళి అయ్యాక వియ్యాలవారిని సాగనంపేటప్పుడు, సభలో చివర మాట్లాడేటప్పుడు, "ఏవైనా పొరపాట్లు జరిగి ఉంటే పెద్ద మనసుతో క్షమించండి" అంటాం. దానికి అవతలివాళ్ళు "అబ్బే, అదేం లేదండీ" అనాలి. మీ బావమరిది మా అమ్మని వంటింట్లో అలా అన్నాడండీ అని ఎవరూ చెప్పరు. గుళ్ళో ఆత్మప్రదక్షిణ చేస్తూ పాపోహం పాపకర్మాహం అని చదువుతాం, లెంపలేసుకుంటాం, మూడు గుంజిళ్ళు తీస్తాం. మా వీధిలో ఉన్న మార్వాడీ జైనులు తమ సంవత్సరి పండగ రోజున మిచ్ఛామి దుక్కడం అంటారు. తెలిసో తెలియకో నీ మనసు నొప్పించి ఉంటే క్షమించు అని ఎదుటి మనిషికే నేరుగా చెప్పే ఆచారం అది, చాలా గొప్పది. ఇప్పుడు ఎక్కువగా వాట్సాప్‌లో అందరికీ ఒకేసారి వెళ్ళిపోతోంది. వీటిలో ఏదీ తప్పని నేననను. రోజూ ఎన్నిసార్లో దేవుడి ముందు తల వంచే మనిషికి తన లోపం మీద ఒక ధ్యాస ఉంటుంది. కానీ ఇవన్నీ ఏ తప్పో చెప్పకుండా చెప్పుకునే మాటలు. ఏ తప్పో చెప్పనప్పుడు జవాబు ఎవరిస్తారు?

మన పాత గ్రంథాలకి ఈ తేడా బాగా తెలుసు. మనుస్మృతి పదకొండో అధ్యాయంలో పాపం పోయే మార్గాలు చెప్తూ, మొదట చెప్పింది తప్పుని బయటికి చెప్పడం, తర్వాతే పశ్చాత్తాపం, తపస్సు, అధ్యయనం. చేసిన అధర్మాన్ని తానే ఎంతెంత చెప్పుకుంటాడో అంతంత దాన్నుంచి విడివడతాడు, పాము కుబుసం విడిచినట్టు అంటుంది ఆ వెంటనే వచ్చే శ్లోకం. ఇంకా వెనక్కి వెళ్తే శతపథ బ్రాహ్మణంలో వరుణప్రఘాసం అనే యాగం ఉంది. చెప్పిన పాపం చిన్నదవుతుంది, ఎందుకంటే అది సత్యమవుతుంది అన్న మాట అక్కడిదే. అంత లోతైన మాట ఏ సందర్భంలో వచ్చిందో చూస్తే మాత్రం కష్టంగా ఉంటుంది. యాగం చేయించే యజమాని భార్యని యాగశాలలో నిలబెట్టి, నీకు ఇంకెవరితో సంబంధం ఉంది అని ఋత్విజుడు అడుగుతాడు. ఆవిడ చెప్పకపోతే ఆవిడ బంధువులకి కీడు జరుగుతుంది. ఈ ప్రశ్న యజమానికి లేదు. భార్యకి ఒక్కదానికే.

అడిగేవాడి చేతిలో అధికారం ఉన్నప్పుడు బయటికొచ్చే మాటని నేను ఒప్పుకోలు అనలేను. అది రాబట్టుకున్న మాట. ఈ సంగతి మన చట్టం 1872లోనే గ్రహించింది. పోలీసు అధికారి దగ్గర ఒప్పుకున్నదాన్ని నిందితుడి మీద రుజువు చెయ్యకూడదని అప్పటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ 23వ సెక్షన్‌గా ఆ నియమం నిలిచింది. నేరం ఒప్పుకుంటానన్న మనిషిని మేజిస్ట్రేటు ముందుకి తీసుకొస్తే, ఆయన ముందుగా రెండు ముక్కలు చెప్పి తీరాలి: నువ్వు ఒప్పుకోవాలన్న బలవంతం ఏమీ లేదు, ఒప్పుకుంటే అది నీ మీదే సాక్ష్యంగా వాడొచ్చు. ఆలోచించుకోమని మామూలుగా ఒక రోజు గడువిస్తారు. తీరా మనసు మార్చుకుని చెప్పనంటే తిరిగి పోలీసు కస్టడీకి పంపడానికి వీల్లేదు. కొండ ఊళ్ళనుంచి వచ్చిన మనిషి, భాష సరిగా అర్థం కానివాడు, ఆ గదిలో నిలబడి ఉన్నప్పుడు ఆ రెండు ముక్కలు ఎంత ముఖ్యమో దగ్గర్నుంచి చూసినవాళ్ళకి తెలుస్తుంది. చట్టం చేసిన గొప్ప పనుల్లో ఇదొకటని నా నమ్మకం. వినేవాడికి కూడా విధులుంటాయని అది చెప్పింది.

వినేవాడి విధుల గురించి ఇంకా ముందే, ఇంకా గట్టిగా ఆలోచించింది కతోలిక సంఘం. మా ప్రాంతం 1974 నుంచి బరంపురం మేత్రాసనం, అంటే అక్కడి బిషప్పు అధికారం కింద ఉంది. 2011 జనాభా లెక్కల ప్రకారం గజపతి జిల్లాలో ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా క్రైస్తవులే కాబట్టి ఇక్కడ పాపసంకీర్తనం (చర్చిలో గురువు, అంటే ఫాదర్, ముందు పాపాలు చెప్పుకోవడం) అంటే ఎక్కడో రోములో జరిగే తంతు కాదు. 1215లో జరిగిన నాలుగో లాటరన్ మహాసభ, వయసొచ్చిన ప్రతి విశ్వాసీ ఏడాదికి ఒక్కసారైనా తన గురువు దగ్గర పాపాలు చెప్పుకోవాలని విధించింది. అందరికీ గుర్తుండేది ఆ ముక్కే. అదే తీర్మానంలో గురువుకి పెట్టిన షరతు ఇంకా కఠినం: విన్నది మాటతోగానీ సైగతోగానీ బయటపెడితే పదవి పోతుంది, బతికినన్నాళ్ళూ మఠంలో ప్రాయశ్చిత్తం చేసుకుంటూ పడి ఉండాలి. పదహారో శతాబ్దంలో మిలాన్ ఆర్చిబిషప్పు చార్లెస్ బొరోమియో గురువుకీ చెప్పుకునేవారికీ మధ్య తడిక ఉన్న పెట్టెలు పెట్టించాడు, ముఖ్యంగా ఆడవాళ్ళకి రక్షణగా. అన్ని జాగ్రత్తలు పెట్టినా తప్పిన సందర్భాలున్నాయి. కేరళలో, కతోలికులు కాకపోయినా ఇదే ఆచారం ఉన్న మలంకర ఆర్థడాక్స్ సంఘానికి చెందిన కొందరు పూజారులు ఒకావిడ చెప్పుకున్న రహస్యాన్ని అడ్డం పెట్టుకుని బెదిరించారన్న ఆరోపణ 2018లో దేశమంతా వినపడింది. అసలు ఆ పద్ధతే ఎత్తెయ్యాలని జాతీయ మహిళా కమిషన్ సిఫార్సు చేసింది. ఎత్తెయ్యాలని నేననను. వినేవాడు అధికారంగా మారిన క్షణం ఆ తడిక ఎందుకూ పనికిరాదని మాత్రం ఆ ఉదంతం చూపించింది.

బౌద్ధ భిక్షువుల నియమం నాకు ఇంకా నచ్చుతుంది. తప్పు చేసిన భిక్షువు ఇంకో భిక్షువు ముందు కూర్చుని చెప్పుకుంటాడు. వినేవాడు అడగాల్సింది ఒకటే, నీ తప్పు నీకు కనపడుతోందా అని. కనపడుతోంది అంటే, ఇకమీదట జాగ్రత్తగా ఉండు అంటాడు. ఇంకో మాట ఎక్కువ మాట్లాడడు. అదే తప్పు తానూ చేసి ఉన్న భిక్షువు దాన్ని వినడానికి పనికిరాడు. ఇద్దరు దోషులు ఒకరినొకరు ఓదార్చుకుని లేచిపోకుండా ఆపే ఏర్పాటు అది. మన పంచాయితీల్లో పెద్దమనుషులుగా కూర్చునేవాళ్ళకి ఈ ఒక్క నియమం పెడితే ఎన్ని కుర్చీలు ఖాళీ అవుతాయో.

అయినా, గురువు ఎంత మంచివాడైనా భిక్షువు ఎంత నిష్ఠాపరుడైనా, తప్పు జరిగింది వాళ్ళ పట్ల కాదు కదా. కతోలిక బోధలో కూడా క్షమాపణ దొరికినంత మాత్రాన పని అయిపోదు. దొంగిలించింది తిరిగివ్వాలి, ఎవరి పేరు పాడుచేశావో దాన్ని బాగుచెయ్యాలి అని ఉంది. శెరంగో వైపు కొండ ఊళ్ళలో బాప్టిస్టులు ఎక్కువ. కెనడా మిషనరీలు వచ్చిన కాలంనుంచి పాతుకున్న సంఘాలు అవి. అక్కడ తడిక ఉండదు, దేవుడికే నేరుగా చెప్పుకుంటారు, సంఘం ముందు సాక్ష్యమిస్తారు. నేను తాగేవాణ్ణి, భార్యని కొట్టేవాణ్ణి, ప్రభువు నన్ను మార్చాడు అని నిలబడి చెప్తారు. అలా నిజంగా మారిన ఇళ్ళు నాకు తెలుసు, ఆ ఇళ్ళలో పిల్లలు కడుపునిండా తింటున్నారు. ఆ సాక్ష్యం వింటున్నప్పుడు నా కళ్ళు మాత్రం ఆడవాళ్ళ వరసలో కూర్చున్న ఆ భార్య మీదికి పోతాయి. ఆవిడ కథని ఆయన అందరి ముందూ చెప్పేస్తున్నాడు. ఆవిడని ఎవరైనా అడిగారా, ఇది చెప్పొచ్చా అని?

ఇక్కడే సవరల పాత పద్ధతి గుర్తొస్తుంది. వాళ్ళ భాష నేర్చుకోవడానికి గిడుగు రామమూర్తిగారు ఈ పర్లాకిమిడిలో ఉండే ఏళ్ళ తరబడి శ్రమపడ్డారు. మనవాళ్ళలో సవరలతో తీరుబాటుగా కూర్చుని మాట్లాడిన తొలి పెద్దమనిషి ఆయనే అనుకుంటాను. వాళ్ళలో మనిషి చనిపోయాక మాట్లాడడం ఆగదు. కుడాంబోయి, అంటే పూనకంలో చనిపోయినవాళ్ళకి నోరిచ్చే ఆవిడ, కాళ్ళు చాపుకుని కూర్చుంటుంది. ఒళ్ళు కర్రలా బిగుసుకుపోతుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఆవిడ చేతులూ కాళ్ళూ మెల్లగా మడిచి సర్దుతారు. అప్పుడు చనిపోయినవాడి గొంతు వస్తుంది. జీలుగు కల్లు అడుగుతాడు. తర్వాత నిలదీస్తాడు: నాకు జబ్బు చేసినప్పుడు ఎందుకు ఆలస్యం చేశారు, నా వాటా భూమి ఎవరు దున్నుతున్నారు, నా కోసం దున్నపోతుని ఎందుకు కొయ్యలేదు? బతికినవాళ్ళు ఊరుకోరు. ఏడుస్తారు, వాదిస్తారు, అప్పుడు మా దగ్గర డబ్బు లేదని చెప్తారు, నిజమే మేం పట్టించుకోలేదు అని ఒప్పుకుంటారు. చనిపోయినవాడు ఒక్కసారితో సరేననడు. మళ్ళీ వస్తాడు, మళ్ళీ అడుగుతాడు. ఆ సంభాషణ ఏళ్ళ తరబడి సాగి, నెమ్మదిగా ఆయన కోపం తగ్గుతూ వస్తుంది.

పడుచువాళ్ళు చాలామంది బాప్టిస్టులయ్యాక ఇది తగ్గిపోతోంది. నేను వాళ్ళ మతం గురించి తీర్పు చెప్పను, ఎవరి నమ్మకం వాళ్ళది. చనిపోయినవాళ్ళు నిజంగా వస్తారా అన్నదీ నాకిక్కడ ప్రశ్న కాదు. నేను ఎరిగిన పద్ధతులన్నిటిలో, అన్యాయం జరిగినవాడికి తిరిగి మాట్లాడే హక్కు ఇచ్చింది, అదీ చచ్చిపోయాక కూడా ఇచ్చింది ఈ కొండవాళ్ళే.

మా ఇంట్లో జరిగింది ఒకటి చెప్పాలి. గుణుపురంలో మా మేనత్త ఉండేది. చిన్న వయసులోనే భర్త పోయాడు. ఉమ్మడి పొలాన్ని ఆవిడ బావగారే చేయించి, కోతలయ్యాక కళ్ళంలో ఆవిడ వాటా కొలిచి పంపేవాడు. వాటా తక్కువ వస్తోందని అందరికీ తెలుసు, అడిగే దమ్ము ఎవరికీ లేదు. నేను కాలేజీ సెలవులకి అక్కడున్నప్పుడు ఒక సాయంత్రం ఆయన వచ్చాడు. అప్పటికి బాగా పెద్దవాడైపోయాడు. అరుగు మీదున్న నులకమంచం అంచు పట్టుకుని నిలబడే చెప్పాడు.

"అమ్మా, నీకొక మాట సెప్పాల. మా వాటా కొలిసినప్పుడు కుంచం పైన గోపురంలాగ పోయించుకున్నాను. నీ వాటా కొలిసినప్పుడు అంచుకి చెయ్యి పెట్టి గీయించేసినాను."

ఆ చెయ్యి ఎలా గీసిందో నులకమంచం పట్టె మీద చూపించాడు కూడా. అత్త చేటలో బియ్యం ఏరుతోంది. చేట పక్కన పెట్టింది. ఆవిడ 'పర్లేదులే బావా, అయిపోయిందేదో అయిపోయింది' అంటుందని నేను ఎదురుచూశాను. మన ఆడవాళ్ళు అలాగే అంటారు, అలా అనకపోతే తప్పంటారు.

"కూసో బావా," అంది. ఆయన కూర్చున్నాడు. "ఏ యేటి నుండి?"

"తమ్ముడు పోయిన కాణ్ణుంచి."

"ఎందాక?"

"నీ పెద్దోడు సేతికందొచ్చీదాక."

"ఏడాదికి ఎన్ని కుంచాలు?"

ఆయన చెప్పలేకపోయాడు. ఆవిడ వదల్లేదు. ఆ ఏడు వానల్లేవు, ఆ ఏడు బాగా పండింది, ఆ ఏడు మీ పెద్దమ్మాయి పెళ్ళి అని గుర్తుచేస్తూ ఒక్కొక్క ఏడూ అడిగింది. తర్వాత తన సంగతి చెప్పడం మొదలుపెట్టింది. పొద్దున పిల్లలకి చోడి అంబలి పోసి, అన్నం రాత్రికి ఒక్కపూటే వండిన సంగతి. తన సొంత పొలం అక్కడుంటే, ఊడుపులకి పరాయి పొలాల్లోకి కూలికి పోయిన సంగతి. కూతురిని ఏడో తరగతితో బడి మాన్పించి తమ్ముళ్ళని చూసుకోమన్న సంగతి. ఆయన మధ్యలో "అమ్మా, ఇంక సాలు" అన్నాడు. "నువ్వు సెప్పినప్పుడు నేను ఇన్నాను కదా బావా, నేను సెప్పినప్పుడు నువ్వు ఇనాల" అంది అత్త. గొంతు పెంచలేదు. దీపాలు పెట్టే వేళ దాటింది, ఎవరూ లేవలేదు.

ఆ తర్వాతి పంటకి ఆయన కొడుకు ట్రాలీలో ధాన్యం బస్తాలు తెచ్చి దించాడు. అత్త లెక్కపెట్టించి దించుకుంది. కూతురి చదువుకి లెక్క కట్టలేమని మాత్రం అంది. నేను తర్వాత ఎప్పుడో అడిగాను, ఆయన్ని క్షమించావా అత్తా అని. "నేను ఇన్నాను. ఆయనా ఇన్నాడు. ఇంకేటి కావాల?" అంది. క్షమించాను అన్న మాట ఆవిడ నోట నేను వినలేదు. ఆయన మాత్రం అప్పట్నుంచి పండక్కి ఆ ఇంటి మెట్లెక్కేవాడు. అంతకుముందు ఏళ్ళ తరబడి వీధిలోనుంచే పలకరించి పోయేవాడు.

ఆ సాయంత్రం అత్త అడిగిన ప్రశ్నలు ఏ గురువూ అడగలేడు. ఏ యేడు, ఎన్ని కుంచాలు అన్నది ఆవిడకే పట్టింపు. చోడి అంబలి సంగతి ఆయన ఎంత పశ్చాత్తాపపడినా తనంతట తాను ఊహించి ఉండడు. తప్పు చేసినవాడికి తెలిసేది తన తప్పులో తన వైపు సగమే. రెండో సగం అవతలి మనిషి దగ్గరుంటుంది, ఆవిడ చెప్తేగానీ తెలియదు.

నా స్నేహితురాలు ఒకామె, కౌన్సెలింగ్ చేస్తుంది, నా వాదనకి అడ్డు చెప్పింది. గుండె బరువు దించుకోవడానికి మగవాళ్ళు ఎప్పటివో పాత వ్యవహారాలన్నీ తెచ్చి భార్య నెత్తిన గుమ్మరిస్తారు, చెప్పినవాడికి ఆ రాత్రి నిద్ర పడుతుంది, విన్నావిడకి ఆర్నెల్లు పట్టదు, ఇదా నువ్వు కోరేది అంది. ఆవిడ అన్నది నిజం. అందుకే వినడం కూడా అవతలి మనిషి ఇష్టం అంటాను. చెప్పేముందు, నీతో ఒక విషయం చెప్పుకోవాలి, వినగలవా, ఇప్పుడు వద్దంటే ఆగుతాను అని అడగాలి. వద్దన్న జవాబూ జవాబే. అలాంటి బరువులకి గురువులూ కౌన్సెలర్లూ అవసరం, బయటికి పొక్కకుండా వినేవాళ్ళు అవసరం. అక్కడ మాట కూడదీసుకుని, ధైర్యం తెచ్చుకుని, అప్పుడు రావాలి. అక్కడితో ఆగిపోవడానికి అది గమ్యం కాదు.

నన్ను ఈ వ్యాసం రాసేలా చేసింది మాత్రం వేరే. కుటుంబ తగాదాల్లో రాజీ కోసం జరిగే పంచాయితీలకి నేను తరచూ వెళ్తుంటాను. తెలుగు ఇళ్ళల్లోనూ ఒడియా ఇళ్ళల్లోనూ వరస ఒకటే. పెద్దమనుషులు కుర్చీల్లో కూర్చుంటారు. భర్త ముందుకొచ్చి "తప్పైపోయింది, ఇంకెప్పుడూ చెయ్యను" అంటాడు. అని పెద్దమనుషుల కాళ్ళకి దణ్ణం పెడతాడు. దెబ్బలు తిన్న ఆవిడ వెనక గోడకి ఆనుకుని, తల్లి పక్కన కూర్చుని ఉంటుంది. అతను అటు తిరగనైనా తిరగడు. పెద్దమనిషి తృప్తిగా తలాడించి, "చూడమ్మా, అంతమందిలో తప్పొప్పుకున్నాడు, మగాడు అంతకంటే ఏం దిగుతాడు, ఇంక నువ్వు మనసులో పెట్టుకోకు" అంటాడు. టీలు వస్తాయి. ఆవిడ ఏదో అనబోతే, "మళ్ళీ పాతవి తవ్వకమ్మా" అని తల్లే మోచేత్తో పొడుస్తుంది.

ఆ గదిలో జరిగింది ఏమిటి? అతను ఒప్పుకునేదాకా ఆవిడకి ఒక ఫిర్యాదు ఉంది. ఒప్పుకోగానే ఆ ఫిర్యాదు ఆవిడ చేతిలోంచి పోయింది. ఇకమీదట ఆవిడ నోరెత్తితే తప్పు ఆవిడదే, క్షమించడం తెలియని మనిషి అంటారు. ఇలాంటి ఒప్పుకోలు కన్నా అతను బుకాయించి ఉంటేనే ఆవిడకి మేలు. కనీసం మాట్లాడే హక్కు మిగిలేది. క్షమించమని అడగొచ్చు, క్షమించి తీరాలని పదిమంది కలిసి ఒత్తిడి పెట్టడం ఇంకో దౌర్జన్యం. నేను ఎన్ని మర్యాదలైనా ఒప్పుకుంటాను, ఈ మర్యాదని ఒప్పుకోను.

అందుకని నేనున్న రాజీల్లో ఇప్పుడు కొన్ని పట్టుబడుతున్నాను. అతను చెప్పాల్సింది ఆవిడ వైపు తిరిగి, ఆవిడకే చెప్పాలి. తప్పైపోయింది అంటే చాలదు, ఏ తప్పో చెప్పాలి. తర్వాత ఆవిడ మాట్లాడతానంటే మాట్లాడుతుంది. ఆవిడ ఆపేదాకా పెద్దమనుషులుగానీ తల్లిగానీ నేనుగానీ నోరెత్తం. జవాబు ఇప్పుడే చెప్పాలని లేదు, వారం తర్వాత చెప్తానన్నా సరే. తోటి లాయర్లు కొందరు, దీనివల్ల కుదిరే రాజీలు చెడిపోతున్నాయి అంటారు. కొన్ని చెడిపోయాయి, నిజమే. అవి కుదిరి ఉంటే ఆవిడ మళ్ళీ అదే ఇంటికి, అవే దెబ్బలకి వెళ్ళేది.

ఈ మధ్య ఒక కేసులో, పేర్లూ ఊరూ చెప్పను, భర్త పేకాటలో పెళ్ళాం నగలు పోగొట్టాడు. నగలు తిరిగి చేయించి ఇస్తాననీ, నెలనెలా ఇంత ఆవిడ పేర బ్యాంకులో వేస్తాననీ ఒప్పుకున్నాడు. అంతా అయిపోయిందనుకున్నాం. నీకింకేమైనా చెప్పాలనుందా అమ్మా అని అడిగితే, ఆవిడ చాలాసేపు ఊరుకుని, "నగలు నేను మా అన్నకి దాటించేశానని మా అత్త రెండేళ్ళుగా ఊరంతా చెప్పుకుంది. ఈయన పక్కనే ఉండి విన్నాడు, ఒక్క మాట అనలేదు. నగలు లేకపోయినా బతుకుతాను. వాళ్ళమ్మ దగ్గర, మా అన్న ఎదురుగా, నగలు తానే పోగొట్టానని ఈయన చెప్పాల" అంది. అంతవరకూ ఆ సంగతి మా ఫైల్లో ఎక్కడా లేదు. అన్నిటికీ తలూపినవాడు దీనికి మాత్రం అమ్మ గుండెజబ్బు మనిషనీ, ఇవన్నీ ఆవిడకెందుకనీ నసిగాడు. ఆవిడ మెత్తబడలేదు. టైపు చేస్తున్న కుర్రాడు, "మేడమ్, ఇది కూడా కొట్టాలా?" అని అడిగాడు. కొట్టమన్నాను. రాజీపత్రంలో మూడో షరతుగా అది ఉంది, దాని కింద అతని సంతకం ఉంది, పై ఆదివారం అత్తగారింట్లో అది నెరవేరేటప్పుడు నేనూ వెళ్ళి కూర్చున్నాను.